సిటీ క్లర్కుకు కోపం వచ్చింది

నగరాలూ నాయకులూ: 9వ భాగం

1947 నవంబరు 26, థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందురోజు. బోస్టన్ మేయరు జేమ్స్ మైకేల్ కర్లీ జైలు నుంచి విడుదలయ్యాడు. మాజీ మేయరు కాదు, సాక్షాత్తూ పదవిలో ఉన్న మేయరే. కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీలోని ఫెడరల్ జైల్లో ఐదు నెలలు ఖైదీగా ఉన్నాడు. అన్నాళ్ళూ ఆయన పదవి ఆయన పేరు మీదే ఉంది. బోస్టన్ ఓటర్లకు ఇది మరీ వింతగా తోచలేదు. కర్లీ జైలుకెళ్ళడం వాళ్ళకు కొత్త కాదు, జైలు నుంచి గెలవడం కూడా కొత్త కాదు.

పండుగ కాగానే స్కూల్ స్ట్రీట్‌లోని సిటీ హాల్‌కు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పేరుకుపోయిన ఫైళ్ళు చూశాడు, కాంట్రాక్టులు తేల్చాడు, ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళతో మాట్లాడాడు. పొద్దుపోయేవేళకు విలేకరులు చుట్టూ చేరారు. తాను లేని ఐదు నెలల్లో జరగని పని ఒక్కరోజులో చేసి చూపించానని వాళ్ళ ముందు గొప్ప చెప్పుకున్నాడు. కర్లీ నోటినుంచి ఇలాంటివి రోజుకు పది వచ్చేవి. అక్కడున్నవాళ్ళు నవ్వుకుని రాసుకుని ఉంటారు.

ఆ ఐదు నెలలూ మేయరు పని చేసిన మనిషి మాత్రం అదే భవనంలో, తన పాత గదిలోకి అప్పుడే తిరిగి వెళ్ళాడు. పేరు జాన్ బి. హైన్స్, ఉద్యోగం సిటీ క్లర్క్. నగర రికార్డులన్నీ ఆ ఆఫీసు చేతిలో ఉంటాయి. 1920లో సిటీ హాల్‌లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, రాత్రి కాలేజీలో లా చదివి, మెట్టుమెట్టూ ఎక్కివచ్చినవాడు. తాత్కాలిక మేయరుగా ఉన్నన్నాళ్ళూ ఎవరి కుర్చీలో కూర్చున్నాడో మరిచిపోలేదు. అలాంటివాడు ఐదు నెలలు గాడిదలు కాశాడని ఊరందరి ముందూ అనేస్తే ఎలా ఉంటుంది? ఆ మాటకే మనసు విరిగి, మేయరుగా పోటీ చేయాలని హైన్స్ నిశ్చయించుకున్నాడని బోస్టన్‌లో అందరూ చెప్పే కథ. హైన్స్ కూడా కాదనలేదు. కథ బాగుంది. అయితే ఒక గుమస్తా కోపం ఎనిమిది లక్షల జనాభా ఉన్న నగరాన్ని మార్చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. కోపం మనిషిని బరిలోకి దింపుతుంది. ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది వేరే లెక్క.

ముందు కర్లీ ఎవరో చూద్దాం.

1874లో బోస్టన్‌లోని రాక్స్‌బరీలో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లాండులోని గాల్వే ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళు. కూలిపని చేసే తండ్రి బరువెత్తబోయి పోయాడు, అప్పటికి పిల్లవాడికి పదేళ్ళు. తల్లి ఆఫీసుల్లో నేలలు తుడిచి పిల్లల్ని పెంచింది. 1914లో తొలిసారి మేయరైనప్పుడు, సిటీ హాల్ మెట్లమీద మోకాళ్ళమీద కూర్చుని రాళ్ళు తోముతున్న ఆడవాళ్ళను చూసి, వాళ్ళందరికీ పొడుగు కర్రల తుడుపుగుడ్డలు తెప్పించాడని చెబుతారు. దేవుడి ముందు తప్ప ఆడది మోకాళ్ళమీద ఉండకూడదన్నాడట. ఆ ఉత్తర్వుకు నగరానికి అయిన ఖర్చు ఎంత, కాసిని డాలర్లు. కర్లీకి మాత్రం అది నలభై ఏళ్ళపాటు ఓట్లు తెచ్చిపెట్టింది. ఇందులో నటన ఎంత, నిజం ఎంత అని ఆయన విమర్శకులు చాలా ఆలోచించారు. తల్లి చేతులు ఎలా ఉండేవో చూసిన కొడుకుకు ఆ రెండింటినీ విడదీయాల్సిన అవసరం కనబడి ఉండదు.

జైలు కథ అంతకన్నా ముందే మొదలైంది. ఒక ఐరిష్ వలసవాడికి పోస్టుమాన్ ఉద్యోగం కావాలి, సివిల్ సర్వీసు పరీక్ష రాసే సత్తా లేదు. కర్లీ వెళ్ళి అతని పేరున పరీక్ష రాసేశాడు, పట్టుబడ్డాడు. 1904లో రెండు నెలలు చార్ల్స్ స్ట్రీట్ జైల్లో కూర్చున్నాడు, అక్కడ కూర్చునే ఆల్డర్‌మన్‌గా గెలిచాడు. స్నేహితుడి కోసం చేశాడన్నదే ఎన్నికల నినాదం. పరీక్షలో మోసం చేసినవాడు ప్రభుత్వోద్యోగాల పంపకానికి ఎలా తగుతాడని పెద్దమనుషులు అడిగారు. రాక్స్‌బరీ వాడలు వేరే ప్రశ్న అడిగాయి: మీలో ఎవడైనా మాకోసం జైలుకెళ్ళాడా?

ఆ పెద్దమనుషులంటే బోస్టన్ బ్రాహ్మిన్లని పేరుపడ్డ పాత ప్రొటెస్టెంట్ కుటుంబాలు. బ్యాంకులు, హార్వర్డ్, కోర్టులు, రాష్ట్ర శాసనసభలో పలుకుబడి వాళ్ళవి. ఐరిష్ కాథలిక్కులది తలల లెక్క, అంటే సిటీ హాల్. కర్లీ రాజకీయమంతా ఈ గీత మీద నిలబడింది. డౌన్‌టౌన్ ఆస్తులమీద పన్ను పెంచి ఆసుపత్రులు, ఈతకొలనులు, పార్కులు కట్టించేవాడు. ఆ పనుల్లో కాంట్రాక్టర్ల వాటా ఎంతో, కర్లీ వాటా ఎంతో వాళ్ళకే తెలియాలి. జమైకావే మీద ఆయన కట్టుకున్న పెద్ద ఇంటి కిటికీ తలుపులకు షామ్‌రాక్ ఆకులు చెక్కించాడు. ఆ ఇల్లు మేయరు జీతంతో కట్టింది కాదని ఊరందరికీ తెలుసు. పొద్దున్నే ఆ గుమ్మం ముందు ఉద్యోగం, అద్దె, ఆసుపత్రి మంచం అడగవచ్చినవాళ్ళు బారులు తీరి నిలబడేవారు. ఆ వరసలో ఉన్నవాళ్ళు కిటికీలకేసి చూసి అసూయపడలేదు, తమవాడు గెలిచాడనుకున్నారు.

ప్రత్యర్థుల్ని పడగొట్టడంలో మొహమాటం లేదు. 1913 చివర అప్పటి మేయరు జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ మళ్ళీ నిలబడబోతుంటే, చరిత్రలో మహా ప్రేమికులు, క్లియోపాత్రా నుంచి టూడుల్స్ దాకా అనే అంశంమీద ఉపన్యాసం ఇస్తానని కర్లీ ప్రకటించాడు. టూడుల్స్ అంటే ఒక హోటల్లో సిగరెట్లమ్మే యువతి. ఆమె పేరుతో మేయరు పేరు కలిపి ఊళ్ళో గుసగుసలున్నాయి. ఆ ఉపన్యాసం ఇవ్వకముందే ఫిట్జ్‌జెరాల్డ్ ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. ఆయన మనవడి పేరు జాన్ ఎఫ్. కెనెడీ. 1947లో కర్లీ శిక్ష తగ్గించమని అధ్యక్షుడు ట్రూమన్‌కు పంపిన అర్జీమీద మసాచుసెట్స్ డెమొక్రాట్ సభ్యులంతా సంతకాలు పెట్టారు, కొత్తగా కాంగ్రెస్‌కు వచ్చిన కెనెడీ ఒక్కడే పెట్టలేదు. ఇందులో తాతగారి బాకీ కొంత ఉందని బోస్టన్ నమ్మకం. విడ్డూరం ఏమంటే, కెనెడీ గెలిచిన సీటు అంతకుముందు కర్లీదే.

నాలుగుసార్లు మేయరు, ఒకసారి గవర్నరు, నాలుగుసార్లు కాంగ్రెస్‌కు ఎన్నిక. ఓటములూ తక్కువేం కాదు. మేయరు వరుసగా రెండోసారి ఉండకూడదని 1918లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేశారో అడగక్కర్లేదు. అందుకే ఆయన పాలన తెరలు తెరలుగా సాగింది: 1914, 1922, 1930. తరవాత సొంత శిష్యుడు మారిస్ టోబిన్ చేతిలోనే రెండుసార్లు ఓడాడు. 1945లో, అదీ యుద్ధకాలపు కాంట్రాక్టులిప్పిస్తామని తపాలాద్వారా మోసం చేసిన ఒక సంస్థకు అధ్యక్షుడిగా పేరిచ్చినందుకు ఫెడరల్ కేసు నడుస్తుండగా, మళ్ళీ గెలిచాడు. 1946 జనవరిలో దోషి అన్నారు. అప్పీళ్ళన్నీ అయ్యాక 1947 జూన్‌లో వీల్‌చైర్‌లో కోర్టుకు వచ్చాడు. ఉన్న జబ్బులన్నీ లాయరు చదివాడు. చిక్కిపోయినట్టు కనబడడానికి మెడకు వదులైన కాలరు వేసుకొచ్చాడని గిట్టనివాళ్ళన్నారు. జడ్జి కరగలేదు.

ఇక్కడే హైన్స్ వస్తాడు. మేయరు లేనప్పుడు కౌన్సిల్ అధ్యక్షుడు ఆ పని చూడాలి. ఆయనమీద రిపబ్లికన్ గవర్నరు రాబర్ట్ బ్రాడ్‌ఫర్డ్‌కు నమ్మకం లేదు. శాసనసభ చేత ప్రత్యేక చట్టం చేయించి సిటీ క్లర్కును తాత్కాలిక మేయరును చేశారు. పదవి అయిపోయాక పాత ఉద్యోగం పోకుండా హామీ కూడా ఇచ్చారు. హైన్స్‌ను ఎంచుకున్నది ఎవరికీ బెదురు పుట్టించని మనిషనే. కర్లీకి కూడా ఆయన వల్ల ప్రమాదం ఏమీ కనబడలేదు.

1949 నవంబరు ఎన్నికలో కర్లీ వయసు డెబ్భై ఐదుకు పన్నెండు రోజులు తక్కువ. అదే ఏడాది ఆయన జీవితకథ ఒకటి పుస్తకంగా వచ్చి బాగా చదివించుకుంది. ఎదురుగా హైన్స్. ఇద్దరూ ఐరిష్, ఇద్దరూ కాథలిక్, ఇద్దరూ డెమొక్రాట్లు. బోస్టన్ మేయరు ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. అంటే కర్లీ తన జీవితమంతా గీసిన గీత ఈసారి పనికిరాదు. బ్రాహ్మిన్ ప్రభువులమీద తిరగబడండి అందామంటే, ఎదుటివాడు సౌత్ ఎండ్‌లో పుట్టి రాత్రి బడిలో చదివిన ఐరిష్ కుర్రాడే. హైన్స్ గొంతు పెద్దది కాదు, ఉపన్యాసకుడూ కాదు. తన బలం అదేనని గ్రహించాడు. శుభ్రమైన లెక్కలు, తక్కువ పన్ను, జైలుకెళ్ళని మేయరు: ఇంతే చెప్పాడు.

వెనక పనిచేసినవాళ్ళలో హార్వర్డ్ లా చదివిన జెరోమ్ రాపపోర్ట్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రవాడున్నాడు. హైన్స్ కోసం విద్యార్థుల సంఘం పెట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చి కాలేజీల్లో చేరినవాళ్ళను, కొత్త ఓటర్లను పోగుచేశాడు. వాళ్ళకు వార్డు పెద్ద దగ్గరికి వెళ్ళి ఉద్యోగం అడగాల్సిన పని లేదు. చదువు ప్రభుత్వం ఖర్చుతో సాగుతోంది, ఇంటి అప్పు బ్యాంకు ఇస్తోంది. కర్లీ గుమ్మం ముందు బారు రూజ్వెల్ట్ కాలం నుంచే పలచబడుతూ వచ్చింది. నిరుద్యోగ భృతి, పింఛను వాషింగ్టన్ నుంచి చెక్కుల రూపంలో వస్తుంటే మేయరు ఇంటికి ఎవరొస్తారు?

పక్కదారి అయినా, ఈ ఎన్నికలో నాకు ఇష్టమైన మనిషిని చెప్పకుండా పోలేను. ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున వాల్టర్ ఓబ్రయన్ అనే వామపక్ష యువకుడు నిలబడ్డాడు. 1947లో ప్రభుత్వం ప్రైవేటు రైలు కంపెనీని కొని ఎం.టి.ఏ. అనే సంస్థ చేసింది. వాటాదార్లకు డబ్బులొచ్చాయి, ప్రయాణికులకు చార్జీలు పెరిగాయి. అదే ఓబ్రయన్ ప్రచారాంశం. పత్రికల్లో ప్రకటనకు డబ్బుల్లేవు. జాక్వెలిన్ స్టైనర్, బెస్ లోమాక్స్ హాస్ అనే ఇద్దరు గాయనులు ఆయన కోసం పాటలు కట్టారు. వాటిలో ఒకటి చార్లీ అనేవాడి కథ. రైలెక్కాక చార్జీ పెరుగుతుంది, దిగేచోట ఇంకో ఐదు సెంట్లు కట్టమంటారు, అతని దగ్గర లేవు. ఇక భూమికింద తిరుగుతూనే ఉంటాడు. రోజూ స్కాలీ స్క్వేర్ స్టేషన్‌లో భార్య కిటికీలోంచి శాండ్‌విచ్ అందిస్తుంది. ఆ ఐదు సెంట్లే అందించొచ్చు కదా అని అప్పటినుంచీ బోస్టన్ జనం అడుగుతూనే ఉన్నారు.

లారీకి లౌడ్‌స్పీకర్ కట్టి వీధుల్లో ఈ పాట మోగిస్తే, ప్రశాంతతకు భంగమని ఓబ్రయన్‌కు పది డాలర్లు జరిమానా వేశారు. వచ్చిన ఓట్లు నాలుగు వేలు కూడా లేవు, అందరిలోకీ కడపటి స్థానం. తరవాత కమ్యూనిస్టు వేట రోజుల్లో పని దొరక్క సొంత రాష్ట్రం మెయిన్‌కు వెళ్ళిపోయి లైబ్రేరియన్‌గా బతికాడు. 1959లో కింగ్‌స్టన్ ట్రియో ఆ పాటను దేశమంతా పాడించింది, వాల్టర్ పేరును మాత్రం జార్జ్ చేసి. వామపక్షవాదికి ప్రచారం చేసినట్టవుతుందని భయం. నేడు బోస్టన్ మెట్రో కార్డు పేరు చార్లీ కార్డ్. చార్జీలు పెంచిన సంస్థ వారసులే, చార్జీ కట్టలేని వాడి పేరును చార్జీ కార్డుకు పెట్టారు.

నవంబరు 8న ఓట్లు లెక్కపెట్టారు. హైన్స్‌కు సుమారు 1,38,000. కర్లీకి సుమారు 1,26,000. తేడా పదకొండు వేల పైచిలుకు. ఈ అంకెల్ని కాస్త నిదానంగా చూడాలి. మేయరుగా కర్లీ గెలిచిన నాలుగు ఎన్నికల్లో దేనిలోనూ ఆయనకు ఇన్ని ఓట్లు రాలేదు. 1929లో అతి పెద్ద గెలుపే లక్షా పదిహేడు వేలు. అంటే కర్లీ జనం కర్లీని వదల్లేదు, జైలుకెళ్ళొచ్చాక కూడా ఎక్కువమందే వచ్చారు. కాకపోతే మునుపు ఆయన గెలిచిన కొన్ని ఎన్నికల్లో వ్యతిరేక ఓటు పలువురి మధ్య చీలింది. పార్టీ ప్రైమరీ లేదు, రెండో విడత లేదు, ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళదే. ఈసారి ఆ ఓటు చాలావరకు ఒక్కడి వెనక చేరింది. ఓటుకు వెళ్ళడం మానేసినవాళ్ళు కూడా బయటికొచ్చారు. ఊరి అంచుల్లో సొంత ఇళ్ళు కట్టుకున్న ఐరిష్ కుటుంబాలకు పన్ను నోటీసు ఇప్పుడు సొంత చిరునామాకు వస్తోంది. కర్లీ పైకి తెచ్చిన మనుషుల పిల్లలే వాళ్ళు.

అదే రోజు, అదే ఓటర్లు ఇంకో కాగితం మీద కూడా గుర్తు పెట్టారు. దాన్నెవరూ అంతగా పట్టించుకోరు. అప్పటిదాకా బోస్టన్ కౌన్సిల్‌లో వార్డుకొకరు చొప్పున ఇరవై ఇద్దరు సభ్యులు. కొత్త నగర చట్టం ప్రకారం తొమ్మిదిమందే, వాళ్ళనీ వార్డువారీగా కాదు, నగరమంతా కలిసి ఎన్నుకుంటుంది. మేయరు పదవికి ముందు ప్రాథమిక పోలింగు, అందులో పైన నిలిచిన ఇద్దరికే తుది పోటీ. ఓటు చీల్చి గెలవడం ఇక కుదరదు. వార్డు పెద్దల లంచాలతో విసిగినవాళ్ళకు ఇది మంచి సంస్కరణగా కనిపించింది. చాలావరకు మంచిదే.

కర్లీకి తరవాతి రోజులు కష్టంగా గడిచాయి. 1950 ఫిబ్రవరిలో కూతురు మేరీ, కొడుకు లియో ఒకేరోజు మెదడులో రక్తనాళం చిట్లి పోయారు. తొమ్మిదిమంది సంతానంలో ఏడుగురు ఆయన కళ్ళముందే వెళ్ళిపోయారు. అదే ఏడాది ట్రూమన్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు. 1951లో మళ్ళీ నిలబడితే హైన్స్‌కు రెట్టింపు ఓట్లొచ్చాయి. 1955లో ప్రాథమిక పోలింగులోనే పోయాడు. మరుసటేడు ఎడ్విన్ ఓకానర్ ‘ది లాస్ట్ హుర్రా’ అనే నవల రాశాడు. ముసలి మేయరు చివరి ఎన్నిక కథ. కర్లీ మొదట మండిపడి, తరవాత ఆ కీర్తినీ వాడుకున్నాడు.

హైన్స్ పదేళ్ళు మేయరుగా ఉన్నాడు. ఆయనమీద లంచం మరక లేదు. నగరం ఖజానా మాత్రం బీదది. మధ్యతరగతి శివార్లకు తరలిపోతోంది. 1950లో 8,01,444 ఉన్న జనాభా 1960కి 6,97,197కు పడింది. పన్ను కట్టేవాళ్ళను తిరిగి రప్పించాలంటే పాత వాడలు కూల్చి కొత్త అపార్టుమెంట్లు కట్టాలన్నారు. అమెరికా నగరాలన్నీ అప్పుడు అదే పాట పాడుతున్నాయి, ఖర్చులో పెద్ద వాటా కేంద్రం ఇస్తుంది. బోస్టన్ ఎంచుకున్న వాడ వెస్ట్ ఎండ్.

వెస్ట్ ఎండ్‌కు ఒక చరిత్ర ఉంది. మార్టిన్ లోమాస్నీ అనే వార్డు పెద్ద అక్కడ దాదాపు అర్ధ శతాబ్దం పెత్తనం చేశాడు. ఓడ దిగిన వలస కుటుంబానికి గది, పని, ఓటరు కార్డు అన్నీ అతని క్లబ్బులోనే దొరికేవి. 1933లో అతను పోయాక కూడా ఆ సందుల్లో ఇటాలియన్లు, యూదులు, పోలిష్‌లు, ఐరిష్‌లు గోడకు గోడ ఆనుకుని బతికారు. స్టార్ ట్రెక్‌లో స్పాక్ పాత్ర వేసిన లెనర్డ్ నిమాయ్ పెరిగింది అక్కడే. నగర ప్రణాళిక ఆఫీసు కాగితాల్లో మాత్రం దాని పేరు మురికివాడ. 1953లో పథకం ప్రకటించారు. 1958 వసంతంలో ఇళ్ళు స్వాధీనం చేసుకుంటున్నట్టు నోటీసులొచ్చాయి. ఏడు వేలమందికి పైగా చెల్లాచెదురయ్యారు. ఆ స్థలంలో లేచిన చార్ల్స్ రివర్ పార్క్ అపార్టుమెంట్ల అద్దెలు వాళ్ళలో చాలామందికి అందేవి కావు. కట్టే హక్కు దక్కించుకున్న బృందానికి ముందున్నది పదేళ్ళ క్రితం హైన్స్ కోసం విద్యార్థుల్ని పోగుచేసిన జెరోమ్ రాపపోర్టే. అంతకుముందు ఆయన మేయరు ఆఫీసులో పనిచేశాడు కూడా.

వాడవాళ్ళు సంఘం పెట్టుకుని పోరాడారు, అర్జీలు పెట్టారు, హియరింగుల్లో అరిచారు. కౌన్సిల్‌లో తొమ్మిదిమంది సభ్యులు కూర్చుని విన్నారు. ఆ తొమ్మిదిమందిలో వెస్ట్ ఎండ్ ఓట్లు తప్ప గతి లేనివాడు ఒక్కడూ లేడు. పాత ఇరవై ఇద్దరి కౌన్సిల్లో అలాంటివాడు ఉండేవాడు. వాడు లంచగొండే కావచ్చు, ఆ వాడ కూలితే తన సీటు పోతుందని మాత్రం వాడికి తెలిసేది. కర్లీ గెలిచి ఉంటే వెస్ట్ ఎండ్ నిలిచేదని నేననను. డబ్బు వస్తుందంటే ఆయన కూడా కూల్చేవాడేమో. 1949లో జనం ఒక మేయరును దించారు, ఒక తలుపును మూశారు. రెండూ ఒకే పనని అనుకున్నారు.

నోటీసులొచ్చిన 1958లోనే, నవంబరు 12న, కర్లీ పోయాడు. స్టేట్ హౌస్‌లో ఉంచిన ఆయన భౌతికకాయాన్ని చూడడానికి లక్షమందికి పైగా వచ్చారు.

వచ్చే భాగంలో షికాగో, 1955. అక్కడ సంస్కర్తలు వార్డుల్ని రద్దు చేయలేకపోయారు. రిచర్డ్ డేలీ అనేవాడు వచ్చి, యాభై వార్డుల్నీ ఒక్కటొక్కటిగా తన జేబులో వేసుకున్నాడు.